పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు

మన విమర్శకులు కవిత్వాన్ని వదల్లేదు, నవలల్ని వదల్లేదు, సినిమా పాటల సంగతి సరేసరి. కాని ఒక్క రకం రచన మాత్రం వాళ్ళ కంట పడకుండా హాయిగా బతికేస్తోంది. అదే వస్తువుతో పాటు వచ్చే వాడకం పుస్తకం. మిక్సీతో వచ్చేది, కుక్కరుతో వచ్చేది, కంప్యూటరు కడుపులో దాక్కుని ఉండేది. నవల బాగాలేదనుకోండి, ఓ మధ్యాహ్నం వృథా అవుతుంది. పుస్తకం మొహం మీద బోర్లించుకుని పడుకుంటాం. వాడకం పుస్తకం బాగాలేకపోతే వేలు పోసి కొన్న వస్తువు ఓ మూల కూచుంటుంది, దాని ముందు మనం కూచుంటాం. మరి ముందుగా దేన్ని విమర్శించాలో మీరే చెప్పండి.

అందుకని ఈసారి సమీక్షకు నేను తీసుకున్నది నవల కాదు, కథల సంపుటీ కాదు. లైనక్స్ పెట్టుకున్న కంప్యూటరులో వైర్‌లెస్ కార్డు పనిచెయ్యాలంటే మనిషన్నవాడు చదవక తప్పని రాతలు కొన్ని ఉన్నాయి. వైర్‌లెస్ కార్డంటే మరేం లేదు, గాలిలోంచి వైఫైని పట్టుకునే చిన్న పలక. ఆర్ట్సు చదువుకుని కథలు రాసుకునేదానివి, నీకెందుకమ్మా ఈ గోల అంటారేమో. ఇంజనీర్లు రాసినంత మాత్రాన రాత రాత కాకుండా పోతుందా? వాక్యం ఉంది, చదివేవాళ్ళున్నారు, రాసినవాడికి చదివేవాళ్ళ మీద గౌరవం ఉందో లేదో వాక్యంలోనే తెలిసిపోతోంది. విమర్శకి ఇంతకన్న ఏం కావాలి?

ఇప్పుడే ఎందుకంటే కారణం ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు ముగిసింది. ఆ తర్వాతిదైన విండోస్ 11 పాత యంత్రాల్ని చాలావాటిని గడప తొక్కనివ్వదు. తెర బాగుంటుంది, మీటలు బాగుంటాయి, అయినా పనికిరాదంటుంది. అటువంటి యంత్రాలకు ఉన్న దారులు రెండే. అటక, లేకపోతే లైనక్స్. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఈ లైనక్స్‌ని డబ్బివ్వకుండా తెచ్చుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు, పదేళ్ళనాటి యంత్రంలోనూ చాలావరకు కులాసాగా నడుస్తుంది. పిల్లలు పెద్ద చదువులకు వెళ్ళాక ఇంట్లో మిగిలిపోయిన ల్యాప్‌టాపు చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. అమ్మకి చాల్లే అని వదిలేసి వెళ్ళినది. నేను నవలలు రాసుకుంటున్నది అలాంటిదాని మీదే.

లైనక్స్ పెట్టడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. అరగంటలో అయిపోతుంది. తెర వెలుగుతుంది, మీటలు పలుకుతాయి, పాట వినబడుతుంది. ఇల్లలకగానే పండగ కాదని పెద్దవాళ్ళు ఊరికే అన్లేదు. ఎదురింటివాళ్ళ వైఫై పేరు కూడా ఫోనులో కనబడుతుంటుంది, ల్యాప్‌టాపులో మాత్రం మన ఇంటిదే కనబడదు.

ఇక్కడ కొంచెం లోపలి సంగతి చెప్పాలి. వైర్‌లెస్ కార్డు కూడా ఒక బుల్లి కంప్యూటరే. దానికీ ఓ బుర్ర ఉంది. కాని చాలా కార్డుల బుర్రలో రాత్రి విన్నది పొద్దున్నకి ఉండదు. కరెంటు తియ్యగానే అంతా మర్చిపోతుంది. మళ్ళీ వెలిగించినప్పుడల్లా ఎవరో ఒకరు దానికి పని మొదటినుంచీ నేర్పాలి. అలా నేర్పే పాఠం పేరు ఫర్మ్‌వేర్. ఆ పాఠాన్ని కార్డు చెవిలో చదివి, ఆ తర్వాత దానిచేత పని చేయించే పెద్దమనిషి పేరు డ్రైవర్. లైనక్స్‌లో డ్రైవరు ఉంటుంది. వందలాది కార్డులకు ఉంది. అది బహిరంగం, ఎవరైనా చదవచ్చు. పాఠం మాత్రం కార్డు తయారుచేసిన కంపెనీ సొంతం. అది యంత్రభాషలో, మూటగట్టి, ముడేసి ఉంటుంది. ఆ మూటని ఇతరులు పంచిపెట్టవచ్చునని కంపెనీ రాసి ఇస్తే సరి, లేకపోతే లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటే ఇదే.

ఇప్పుడు మొదటి రచనకు వద్దాం. లైనక్స్ గుండెకాయని కెర్నెల్ అంటారు. అది మేలుకునేటప్పుడు చూసినవీ చేసినవీ ఒక్కొక్క వాక్యంలో దినచర్యలా రాసుకుంటుంది. ఈ దినచర్యని ఒక చిన్న ఆజ్ఞతో మనం చదవచ్చు. నాకు ఈ రచన నచ్చింది. దీనిలో అలంకారం లేదు, అబద్ధం లేదు. ప్రతి వాక్యం ముందూ సెకన్లతో సహా వేళ వేసి ఉంటుంది. ఫలానా కార్డు కనిపించింది, ఫలానా ఫర్మ్‌వేర్ అడిగాను, దొరకలేదు, తప్పు సంఖ్య రెండు. ఆ రెండుకి అర్థం అలాంటి ఫైలు ఇక్కడ లేదని. అంతే. ‘ఏదో పొరపాటు జరిగింది, దయచేసి మళ్ళీ ప్రయత్నించండి’ అంటూ మొహం చాటేసే యంత్రాలతో విసిగిన ప్రాణానికి ఈ ముక్కుసూటితనం ఎంతో హాయిగా ఉంటుంది. దొరకని ఫైలు పేరు కూడా పూర్తిగా చెబుతుంది కదా, రోగం పేరు తెలిసినట్టే.

కాని ఈ దినచర్యలోనే ఒకచోట ఓ వాక్యం ఉంది. బ్రాడ్‌కామ్ కంపెనీ పాత కార్డులకు బి43 అనే డ్రైవరు ఉంది. ఆపిల్ వారి పాత మాక్‌బుక్‌లు చాలావాటిలో ఉన్నవి ఈ కంపెనీ కార్డులే. (నా ల్యాప్‌టాపులోది వేరే కంపెనీది, కనుక నాకు సొంత పగ ఏమీ లేదు.) ఫర్మ్‌వేర్ దొరకనప్పుడు ఈ బి43 ఇలా అంటుంది: మీరు ఇంటర్నెట్టులో ఫలానా చోటికి వెళ్ళి సరయిన ఫర్మ్‌వేర్ తెచ్చుకోవాలి, అక్కడ ఉన్న సూచనలన్నీ శ్రద్ధగా చదవాలి. చూశారూ! ఇంటర్నెట్టు రావడం లేదని కదా మేం మొత్తుకుంటున్నది. అది తెచ్చిపెట్టే మందు ఇంటర్నెట్టులో ఉందిట. పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు.

ఇది రాసినవాడు చెడ్డవాడని నేననను. రాసేటప్పుడు అతని బల్ల మీద మరో రెండు కంప్యూటర్లు వెలుగుతూ ఉంటాయి. గోడలోంచి తీగ వచ్చి ఉంటుంది. తన చుట్టూ ఉన్నది చదివేవాళ్ళ చుట్టూ కూడా ఉంటుందనుకున్నాడు. కథలు రాసేవాళ్ళం మేమూ ఇదే చేస్తాం. ఊటీ చూసినవాళ్ళం ఊటీ గురించి ‘ఆ మలుపు’ అని రాసేసి ఊరుకుంటాం. చదివేవాళ్ళకి ఏ మలుపో తెలియదు. కథలో అయితే ఊహించుకుంటారు. ఇక్కడ ఊహించుకుంటే వైఫై రాదు.

వంటల పుస్తకాలతో పోల్చి చూడండి. మన వంటల పుస్తకాల మీద నాకు వెయ్యి ఫిర్యాదులున్నాయి. ‘తగినంత’ అనే మాటని చట్టరీత్యా నిషేధించాలని నా అభిప్రాయం. కాని వాటిల్లో ఒక మర్యాద ఉంది. ‘కావలసిన పదార్థాలు’ అని మొట్టమొదట రాస్తారు. పొయ్యి వెలిగించి, పోపు మాడుతుండగా, ఏడో వాక్యంలో ‘ఇప్పుడు నిన్న నానబెట్టిన మినప్పప్పు తీసుకోండి’ అని చెప్పరు. వైర్‌లెస్ కార్డు సూచనల్లో ఎక్కువభాగం ఈ నిన్న నానబెట్టిన పప్పు బాపతే. మొదటి వాక్యంలోనే ఇలా రాస్తే ఏం పోయింది: మీ ఫోను, దాన్ని ఛార్జింగు పెట్టుకునే తీగ దగ్గర పెట్టుకోండి. ఫోనును తీగతో ల్యాప్‌టాపుకి తగిలించి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెదరింగ్ అన్నదాన్ని వెలిగిస్తే, ఆండ్రాయిడ్ ఫోనయితే సాధారణంగా మరే ఫర్మ్‌వేరూ అడక్కుండానే లైనక్స్‌కి ఇంటర్నెట్టు అందుతుంది. ఆ కాసేపట్లో కావలసిన మూట తెచ్చుకోవచ్చు. లేదా రూటరునుంచి నేరుగా తీగ. అదీ లేకపోతే పక్కింటివాళ్ళ కంప్యూటరులో పెన్‌డ్రైవులోకి దింపుకుని రావడం. పిచ్చికి మందు పక్కింట్లో ఉందని ఒక్క ముక్క చెప్పడానికి ఇంత బెట్టా!

అసలు దోషం డ్రైవరు రాసినవాళ్ళదా? ఇక్కడ నేను కంపెనీలవైపు తిరుగుతాను. అట్టపెట్టె మీద వాళ్ళ రచనాశైలి చూడండి. ఎంత వేగమో పెద్దక్షరాల్లో ఉంటుంది. లోపల ఏ చిప్పు పెట్టారో ఉండదు. కార్డు పేరు మార్చకుండానే లోపలి చిప్పు మార్చేసి, పెట్టె వెనక మూల ‘వి2’ అని చీమ తలకాయంత రాసిన సందర్భాలు ఈ వ్యాపారంలో కొత్త కాదు. మొదటిది లైనక్స్‌లో పనిచేసింది కదా అని రెండోది కొన్నవాళ్ళ గతి ఏమవుతుంది? పోనీ, లైనక్స్‌కి డ్రైవరు మీరు రాయలేరు, ఒప్పుకున్నాం. రాసుకుంటామన్నవాళ్ళకి కార్డు ఎలా పనిచేస్తుందో చెప్పండయ్యా అంటే అది మా వ్యాపార రహస్యం అన్నారు చాలాకాలం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

కంపెనీల తరఫున ఒక వాదన ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. వైర్‌లెస్ కార్డంటే రేడియో. ఏ తరంగాల మీద, ఎంత బలంతో మాట్లాడవచ్చో ప్రతి దేశానికీ చట్టం ఉంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లో అనుమతించారు, బలానికి పరిమితి పెట్టి. పాఠం అందరి చేతికీ ఇస్తే ఎవరు పడితే వాళ్ళు పరిమితి దాటించేస్తారు, ఆ పాపం మా మెడకు చుట్టుకుంటుంది అంటారు కంపెనీలవాళ్ళు. సగం నిజమే. మిగిలిన సగానికి జవాబు లైనక్స్‌లోనే ఉంది. ఏ దేశంలో ఏ ఛానళ్ళు, ఎంత బలం అన్నది దేశంవారీగా రాసిపెట్టిన ఓ పంచాంగం లైనక్స్‌తో పాటే వస్తుంది. యంత్రం తను అమెరికాలో ఉన్నాననుకుంటే 12, 13 ఛానళ్ళ వంక చూడనే చూడదు. మన రూటరు పదమూడులో కూచుంటే ఎంత పిలిచినా పలకదు. అంత ఆచారం! పైగా అథెరాస్ కంపెనీ తన ఏఆర్9271 అనే చిప్పు ఫర్మ్‌వేరుని మూలంతో సహా బయటపెట్టింది. కొంప మునిగినట్టు నేనెక్కడా వినలేదు.

ఇక ఈ సాహిత్యంలో నన్ను బాగా కదిలించిన ఘట్టం చెప్తాను. బ్రాడ్‌కామ్ తన కార్డుల వివరాలు ఇవ్వనన్న రోజుల్లో కొందరు ఔత్సాహికులు కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒక జట్టు కంపెనీవారి డ్రైవరుని, అంటే మనిషి చదవడానికి వీల్లేని యంత్రభాషని, కూచుని చదివింది. చదివి, అది ఏం చేస్తోందో మామూలు ఇంగ్లీషులో రాసింది. కార్డుకి ముందు ఈ సంఖ్య పంపాలి, ఇంతసేపు ఆగాలి, తిరిగి ఈ జవాబు వస్తే ఇలా చెయ్యాలి, అని. రెండో జట్టు ఆ కంపెనీ డ్రైవరు మొహమే చూడకూడదు. మొదటి జట్టు రాసిన వర్ణన మాత్రం చదివి, తమ సొంత మాటల్లో కొత్త డ్రైవరు రాయాలి. కాపీ కొట్టారని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని ఈ మడి. అలా పుట్టిన డ్రైవరు 2006లో 2.6.17 కెర్నెల్‌తో పాటు లైనక్స్‌లో చేరింది.

ఒక నవలారచయిత్రిగా నేను దీన్ని తల్చుకుని తల్చుకుని ఆశ్చర్యపోయాను. ఒకరు నవల చదివి కథ చెప్తారు, మరొకరు ఆ నవల తెరవకుండా, విన్న కథతో మరో నవల రాస్తారు. రాసినది అసలు నవలలాగే నడవాలి, ఒక్క వాక్యం కూడా అదే కాకూడదు! మా రచయితల లోకంలో వ్యవహారం దీనికి సరిగ్గా తలకిందులని మీకు తెలియనిది కాదు. నవల చదువుతారు, వాక్యాలు ఎత్తుకుంటారు, కథ మాత్రం మార్చేస్తారు.

ఈ పనిలోకి 2005లో వచ్చి చేరినవాళ్ళలో లారీ ఫింగర్ అనే అమెరికన్ ఉన్నాడు. కంప్యూటర్ల కుర్రాడనుకునేరు. స్ఫటికాల శాస్త్రవేత్త. వాషింగ్టన్‌లో కార్నెగీ సంస్థవారి భూభౌతిక ప్రయోగశాలలో ఖనిజాల లోపలి అమరికని ఎక్స్‌రే కిరణాలతో చదివినవాడు. ఎల్ సాల్వడార్ దేశంలో ఇజాల్కో అగ్నిపర్వతం మీద దొరికిన ఓ ఖనిజానికి ఆయన పేరు మీద ఫింగరైట్ అని పేరు పెట్టారు. మనం కంటితో చూడలేనిదాన్ని, దానిమీద పడి తిరిగివచ్చే కిరణాల్నిబట్టి లోపలి బొమ్మ కట్టుకోవడం ఆయన వృత్తి. రిటైరయ్యాక, మూతవేసిన కార్డు లోపల ఏముందో దాని జవాబుల్నిబట్టి తెలుసుకునే పనిలో పడ్డాడు. అదే పనే కదా! మొదట బ్రాడ్‌కామ్, తర్వాత రియల్‌టెక్ కార్డులు. 2024 జూన్‌లో పోయేదాకా మానలేదు. ఆయన మన ఇంట్లో అడుగుపెట్టలేదు గాని, రియల్‌టెక్ కార్డున్న పాత ల్యాప్‌టాపు లైనక్స్‌తో వైఫై పట్టుకుంటోందంటే అందులో ఆయన చెయ్యి ఉండే అవకాశం చాలా ఉంది. రిటైరయిన మగవాళ్ళు వరండాలో కూచుని పేపరు రెండోసారి చదవడం తప్ప ఇంకేం చెయ్యగలరని అడిగేవాళ్ళకు ఈయన సంగతి చెప్పండి.

బ్రాడ్‌కామ్ చివరికి మెత్తబడింది. 2010 సెప్టెంబరులో తన కొత్త చిప్పులు కొన్నిటికి బహిరంగమైన డ్రైవరు తానే ఇచ్చింది. పాతవాటి ఫర్మ్‌వేరు మూట విషయంలో మాత్రం పంచిపెట్టే అనుమతి రాలేదు. అందుకే బి43 వాడేవాళ్ళకి ఈనాటికీ ఓ కత్తెర ఇస్తారు. నిజంగానే, దాని పేరులోనే కత్తిరించేది అని ఉంది. కంపెనీవారి డ్రైవరు ఫైలు తెచ్చుకుని, దానిలోంచి ఫర్మ్‌వేరు ముక్క మనింట్లో మనమే కత్తిరించుకోవాలి. కత్తిరించిన ముక్క ఇంకొకళ్ళకి ఇవ్వకూడదు. ప్రసాదం ఎవరి చేత్తో వాళ్ళే తీసుకోవాలి గాని పంచిపెట్టకూడదన్నట్టు.

రెండో రచన యూనిక్స్ కాలం నుంచీ వస్తున్న మాన్ పేజీలు. ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క పేజీ. వీటి సంప్రదాయం 1971 నవంబరులో బెల్ ప్రయోగశాలలో వచ్చిన యూనిక్స్ మాన్యువల్ నుంచీ ఉంది. పేరు, రూపం, వర్ణన అని వరసగా శీర్షికలు ఉండి చివర్లో ‘దోషాలు’ అని ఓ శీర్షిక. రాసినవాడు తన సరుకులో ఏం బాగాలేదో తనే చెప్తాడు! నవలకి చివర అలాంటి అధ్యాయం పెట్టమని మా పబ్లిషర్లతో అంటే ఏమంటారో. ఐడబ్ల్యూకాన్ఫిగ్ అనే పాత వైర్‌లెస్ ఆజ్ఞకి జ్యాఁ టూరియ్ రాసిన పేజీ ఈ నిజాయితీకి మంచి ఉదాహరణ. అందులో యంత్రానికి ముద్దుపేరు పెట్టే సౌకర్యం ఒకటుంది. అది ఎలా వాడాలో చెప్పి, కార్డు పని చెయ్యడానికి సంబంధించినంతవరకు ఇది బొత్తిగా నిరుపయోగమని ఆయనే అంటాడు. పైగా అందులో ఒక గొంతు వినబడుతుంది, ఓపికగల మేష్టారి గొంతు. దాని స్థానంలో వచ్చిన ఐడబ్ల్యూ అనే కొత్త ఆజ్ఞ సమర్థురాలే గాని మాట పొదుపు. ఉద్యోగం చేసే కోడలు మాట్లాడినట్టుంటుంది. తప్పు పట్టలేం, కాసేపు కూచోబెట్టుకోనూలేం.

పేర్లు పెట్టడంలో మాత్రం వీళ్ళది కవిహృదయం. రూటరు దగ్గర తాళంమాట చెప్పి లోపలికి రానివ్వమని అడిగే ప్రోగ్రాము పేరు డబ్ల్యూపీఏ సప్లికెంట్. సప్లికెంట్ అంటే అర్థి. రాజద్వారం దగ్గర నిలబడ్డ కవిలా! అవతల ద్వారపాలకుడు. ఇద్దరి మధ్యా నాలుగు మాటలు నడుస్తాయి. తమాషా ఏమిటంటే ఆ నాలుగింటిలో ఎక్కడా తాళంమాట పైకి అనరు. నీకు తెలుసునని నేను, నాకు తెలుసునని నువ్వు రుజువులు మాత్రం ఇచ్చిపుచ్చుకుంటారు. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు కట్నం మాట ఎత్తకుండానే అంతా తేల్చుకున్నట్టు. తాళంమాట సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వకపోతే గొడవ ఈ అర్థి దగ్గరో ద్వారం దగ్గరో ఉందని, కార్డు మంచిదేనని అర్థం. ఈ తేడా ఒక్కటి తెలిస్తే సగం పూటలు కలిసొస్తాయి.

మరో ఆజ్ఞ ఆర్ఎఫ్‌కిల్. దాని జవాబు రెండే వాక్యాలు: మెత్తగా ఆపబడింది, అవునా కాదా, గట్టిగా ఆపబడింది, అవునా కాదా. మెత్తగా అంటే లోపలి గడియ, మాటతో తియ్యవచ్చు. గట్టిగా అంటే సాధారణంగా బయటి తాళం, ల్యాప్‌టాపు అంచునున్న మీటో, పైవరసలో విమానం బొమ్మ మీటో చేత్తో నొక్కాల్సిందే. నా దృష్టిలో ఈ మొత్తం సాహిత్యంలో ఇదే ఉత్తమ రచన. చిన్నది, అర్థమైంది, ఏం చెయ్యాలో తెలిసింది.

ఎల్ఎస్‌పీసీఐ అనేదాని ధోరణి వేరు. అది యంత్రంలో ఉన్న సామానంతా జాబితా రాస్తుంది. అడిగితే ఒక్కొక్క సామాను కిందా దాన్ని నడుపుతున్న డ్రైవరు పేరు కూడా వేస్తుంది. డ్రైవరు లేకపోతే లేదని చెప్పదు. ఆ వాక్యం ఉండదంతే. లేని వాక్యాన్ని చదవడం నేర్చుకోవాలి. ఉత్తరాలన్నిటిలోనూ అందరి క్షేమం రాసి ఒక్కరి పేరు వదిలేస్తే మన అమ్మమ్మలు గుండె గుభేలుమనేవారు. ఆ చదువున్నవాళ్ళకి ఎల్ఎస్‌పీసీఐ కష్టం కాదు.

మూడోది డెబియన్ అనే లైనక్స్ సంస్థవారి ఇన్‌స్టలేషన్ గైడు. పద్ధతిగా రాసిన పుస్తకం. కావలసిన పదార్థాలు రెండో అధ్యాయంలోనే ఉన్నాయి. ఫర్మ్‌వేరు అడిగే పరికరాల గురించి అక్కడే ఓ విభాగం ఉంది. కాని ఈ గైడు వెనకాల పెద్ద తగాదా నడిచింది. డెబియన్‌వారికి 1997 నుంచీ ఓ సామాజిక ఒప్పందం ఉంది. లోపల ఏముందో చూడనివ్వని సరుకు మా వ్యవస్థలో భాగం కాదని అందులో ప్రతిజ్ఞ. ఫర్మ్‌వేరు మూటలు అటువంటి సరుకే. కనుక అవి లేకుండానే వాళ్ళ అసలు డిస్కు ఏళ్ళతరబడి వచ్చింది. మడి దక్కింది, చాలామందికి వైఫై దక్కలేదు. మూటలు కలిపిన మరో డిస్కు కూడా ఉండేది, అనధికారంగా, ఓ పక్కన. తెలిసినవాళ్ళు అది తెచ్చుకునేవారు. తెలియనివాళ్ళు విసిగి లైనక్స్‌కో నమస్కారం పెట్టేవారు.

2022లో ఈ విషయం మీద డెబియన్ సభ్యులు ఓటు వేశారు. అసలు డిస్కులోనే ఫర్మ్‌వేరు కలపాలని తేలింది, ఒప్పందంలో అందుకు తగ్గట్టు ఓ వాక్యం చేర్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అలాగే వస్తోంది. నియమం సడలించారని బాధపడ్డవాళ్ళున్నారు. వాళ్ళని ఛాందసులని నేను తీసిపారెయ్యను. కొన్న వస్తువు కడుపులో ఏముందో కొన్నవాళ్ళకి తెలియాలన్న పట్టుదల వాళ్ళది, అది లేకపోతే పైన చెప్పిన బ్రాడ్‌కామ్ కథే నడిచేది కాదు. అయినా నా ఓటు ఉంటే కలపమనే వేసేదాన్ని. తలుపు బయటే నిలబెట్టి మడి గురించి ఉపన్యాసం ఇస్తే వచ్చిన చుట్టం వెళ్ళిపోతుంది. లోపలికి రానిచ్చి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు చెప్పు నీ నియమం. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. పంచిపెట్టడానికి కంపెనీ ఒప్పుకున్న మూటల్నే డెబియన్‌వారు కలపగలరు. బి43 వాడేవాళ్ళకి వాళ్ళ ఓటు వల్ల ఒరిగిందేమీ లేదు. వాళ్ళ పెళ్ళీ పిచ్చీ అక్కడే ఉన్నాయి.

భాష సంగతి కూడా చెప్పకపోతే తెలుగు పత్రికలో రాసినందుకు అర్థం లేదు. లైనక్స్ మెనూలూ బొత్తాలూ తెలుగులోకి చాలావరకు వచ్చాయి. స్వేచ్ఛ వంటి సంస్థలు అందుకు ఏళ్ళ తరబడి పాటుపడ్డాయి. ‘దస్త్రం’, ‘అమరికలు’ అని ముచ్చటగా కనబడతాయి. కాని కష్టం వచ్చినప్పుడు కెర్నెల్ మాట్లాడేది ఇంగ్లీషే. ఏ భాష ఎంచుకున్నా అంతే. సుఖంలో తెలుగు, కష్టంలో ఇంగ్లీషు. ఈ ఒక్క కారణం చేతనే చదువుకున్న ఆడవాళ్ళు కూడా తెర మీద నల్లటి కిటికీ తెరుచుకోగానే ‘ఆదివారం అబ్బాయొస్తాడు, చూస్తాడు’ అని లేచిపోతారు. ఆ ఆదివారం నాలుగు ఆదివారాలవుతుంది. అబ్బాయి వచ్చి టకటకా ఏదో కొట్టి, ‘అయిపోయిందత్తా’ అని వెళ్ళిపోతాడు. ఏం చేశాడో చెప్పడు. కంపెనీవాళ్ళు మూట కట్టారంటే వాళ్ళకి వ్యాపారం ఉంది, ఈ అబ్బాయికి ఏమొచ్చిందని? ఆ నల్ల కిటికీలో ఉండేవి మన ఇంటర్మీడియట్ ఇంగ్లీషు దాటని వాక్యాలు. దొరకలేదు, ఆపబడింది, అనుమతి లేదు. ఇంగ్లీషులో ఉత్తరాలు చదివి పిల్లల కాలేజీ ఫారాలు నింపినవాళ్ళకి ఇవి ఒక లెక్కా?

డెబియన్ గైడులో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇంకొకటుంది. వివరాలివ్వని కంపెనీల్ని, వివరాలు బయటపెట్టమని మీరూ ప్రోత్సహించండి అని చదివేవాళ్ళని కోరతారక్కడ. వాడకం పుస్తకంలో చదివేవాళ్ళకి ఒక పని అప్పజెప్పడం నేను మరెక్కడా చూడలేదు. సరే, నాకు రాయడం తప్ప వేరే విద్య రాదు కనుక, నా ల్యాప్‌టాపులోని కార్డు తయారుచేసినవారికి ఓ ఉత్తరం రాశాను. పేరెందుకులెండి. అయ్యా, మీ కార్డు నాకు తొమ్మిదేళ్ళుగా సేవ చేస్తోంది, నేను లైనక్స్ వాడుతున్నాను, నాలాంటివాళ్ళు ఉన్నారని మీ లెక్కలో వేసుకోండి, పెట్టె మీద చిప్పు పేరు అచ్చువెయ్యండి, ఫర్మ్‌వేరు మార్చినప్పుడల్లా లైనక్స్‌వారికి కూడా పంపండి, అని మర్యాదగానే రాశాను.

పదకొండో రోజున జవాబొచ్చింది. మా ఉత్పత్తి మీద మీరు చూపిన ఆదరణకు కృతజ్ఞతలు, మీ సమస్యని త్వరగా పరిష్కరించడానికి వీలుగా, మీరు వాడుతున్నది విండోస్ 10 అవునా లేక విండోస్ 11 అవునా తెలియజెయ్యగలరు, అని.